చూపు రాకముందే దిక్కులు తెలిసిన రెటీనా

పిండంలో కన్ను ఏర్పడే తొలి వారాల్లోనే రెటీనాకు పై, కింద, ముక్కు వైపు, కణత వైపు అనే హద్దులు ఖరారైపోతాయి. ఆ హద్దులు ఎలా పడతాయో తెలిస్తే పుట్టుకతో వచ్చే కొన్ని కంటి లోపాలకు కారణం కూడా తెలుస్తుంది.

కొందరు పిల్లలు పుట్టినప్పుడు వారి కంటిపాప గుండ్రంగా ఉండదు. కిందికి సాగి, పాతకాలపు తాళంకప్పలో చెవి దూర్చే రంధ్రంలా కనిపిస్తుంది. వైద్యులు దీన్ని 'కొలొబోమా' అంటారు. కన్ను తయారయ్యేటప్పుడు మూసుకోవాల్సిన ఒక చీలిక తెరిచే ఉండిపోవడం వల్ల వచ్చే లోపం ఇది. కొందరిలో ఇది కంటిపాప చుట్టూ ఉండే రంగు పొరకే, అంటే ఐరిస్‌కే పరిమితమవుతుంది. మరికొందరిలో లోపలున్న రెటీనా వరకు, దృక్‌నాడి వరకు పాకుతుంది.

ఇలాంటి బిడ్డ పుట్టగానే గ్రహణ సమయంలో బయటికి వచ్చిందనో, ఏదో తినకూడనిది తిన్నదనో తల్లిని తప్పుపట్టే మాటలు మన ఊళ్లలో ఇంకా వినిపిస్తాయి. కానీ గ్రహణం కథ జవాబు చెప్పలేని ప్రశ్న ఒకటుంది. గుండ్రని కంట్లో లోపం ఎటువైపైనా రావచ్చు కదా, మరి ఈ చీలిక దాదాపు ఎప్పుడూ కిందివైపే, కాస్త ముక్కు వైపుకు వంగి ఎందుకు ఉంటుంది? దీనికి జవాబు పిండం వయసు ఐదు నుంచి ఏడు వారాలున్నప్పుడు కంట్లో జరిగే పనుల్లో ఉంది.

మెదడు నుంచి మొలిచే కన్ను

రెటీనా నిజానికి మెదడులో భాగమే. ఫలదీకరణ జరిగిన 22వ రోజు ప్రాంతంలో, నాడీనాళం ఇంకా పూర్తిగా మూసుకోకముందే, మెదడుగా మారబోయే ముందుభాగంలో రెండు చిన్న గాళ్లు పడతాయి. అవి లోతుగా పెరిగి, చెరో పక్కకు బుడగల్లా ఉబ్బుతాయి. ఒక్కో బుడగను మెదడుతో కలిపే సన్నని కాడ ఉంటుంది. తర్వాతి రోజుల్లో దృక్‌నాడి వెళ్లేది ఈ కాడ గుండానే.

అయితే కళ్లు మొదటి నుంచీ రెండు కావు. మెదడు పలక ముందుభాగంలో 'ఇక్కడ కన్ను రావాలి' అని గుర్తు పడిన కణాల మడి మొదట ఒక్కటే ఉంటుంది. ప్యాక్స్6, ఆర్ఏఎక్స్, సిక్స్3 లాంటి జన్యువులు అక్కడ కలిసి పనిచేస్తాయి. ఆ తర్వాత మధ్యరేఖ కింది కణాల నుంచి సోనిక్ హెడ్జ్‌హాగ్ అనే ప్రోటీన్ వెలువడి, మడి నడుమ కణాలు కన్నుగా మారకుండా ఆపుతుంది. అలా ఒక మడి రెండవుతుంది.

ఈ విభజన జరగకపోతే ఏమవుతుందో అమెరికాలోని ఐడహో రాష్ట్రంలో గొర్రెల కాపరులు కళ్లారా చూశారు. అక్కడ కొన్ని గొర్రెలకు నుదుటి నడుమ ఒకే కన్నుతో పిల్లలు పుట్టేవి. 1950ల్లో మొదలైన పరిశోధనలో కారణం దొరికింది. కొండ మేతలో ఉండే వెరాట్రమ్ కాలిఫోర్నికమ్ అనే మొక్కను తల్లి గొర్రెలు చూలు కట్టిన 14వ రోజు ప్రాంతంలో తినడమే అందుకు కారణం. అందులోని రసాయనానికి ఒంటికన్ను సైక్లోప్స్ పేరు మీదుగా 'సైక్లోపమైన్' అని పేరు పెట్టారు. అది హెడ్జ్‌హాగ్ సంకేతాన్ని అడ్డుకుంటుందని చాలా ఏళ్ల తర్వాత తేలింది. అదే సంకేతాన్ని అడ్డుకునే మందును ఇప్పుడు ఒక రకం చర్మ క్యాన్సర్‌కు వాడుతున్నారు.

ఒక బుడగ, మూడు ప్రాంతాలు

గాలి తగ్గిన రబ్బరు బంతిని బొటనవేలితో నొక్కితే ఒక వైపు లోపలికి పోయి, రెండు పొరల గిన్నెలా మారుతుంది. ఐదో వారంలో కంటి బుడగ కూడా అలాగే మడత పడుతుంది. గిన్నె లోపలి పొర నాడీ రెటీనా అవుతుంది. వెలుగును పట్టే కణాలు, ఆ సంకేతాన్ని మెదడుకు పంపే కణాలు దాన్నుంచే వస్తాయి. బయటి పొర నల్లని వర్ణక పొరగా మారి, వెలుగును పట్టే కణాలకు పోషణ అందిస్తుంది. మూడో భాగమైన కాడ దృక్‌నాడికి దారి అవుతుంది.

మొదట్లో బుడగలోని కణాలు ఈ మూడింటిలో ఏదైనా కాగలవు. ఏది ఏమవుతుందో నిర్ణయించేది చుట్టుపక్కల కణజాలం. బుడగకు ఎదురుగా, కటకం కాబోయే చర్మపు పొర నుంచి ఎఫ్‌జీఎఫ్ అనే ప్రోటీన్లు వస్తాయి. వాటికి దగ్గరగా ఉన్న కణాలు వీఎస్ఎక్స్2 జన్యువును నడిపించి నాడీ రెటీనాగా మారతాయి. బుడగ పైవైపు, వెనకవైపు ఉన్న కణాలకు చుట్టూ ఉన్న కణజాలం నుంచి వేరే సంకేతాలు అందుతాయి. వాటిలో ఎమ్ఐటీఎఫ్ జన్యువు పనిచేసి వర్ణక పొర తయారవుతుంది. కాడ వైపు హెడ్జ్‌హాగ్ ఎక్కువగా ఉండటంతో అక్కడ ప్యాక్స్2 పైచేయి సాధిస్తుంది.

హద్దులు పదునుగా పడటానికి కారణం ఈ జన్యువుల మధ్య పోటీ. వీఎస్ఎక్స్2 ఉన్నచోట ఎమ్ఐటీఎఫ్ అణిగిపోతుంది. ప్యాక్స్6, ప్యాక్స్2 ఒకదాన్నొకటి అణచుకుంటాయి. అందువల్ల ఏ కణమూ సగం అది, సగం ఇది అన్నట్టు మిగలదు. ఈ సమతూకం ఎంత సున్నితమైనదో ప్రయోగాలు చూపించాయి. కోడి పిండంలో నాడీ రెటీనాను తీసేసి ఎఫ్‌జీఎఫ్ అందిస్తే, మిగిలిన వర్ణక పొర కణాలు మళ్లీ నాడీ రెటీనాను తయారుచేశాయి. వీఎస్ఎక్స్2 దెబ్బతిన్న ఎలుకల్లో ఇందుకు విరుద్ధంగా, రెటీనా కావాల్సిన చోట నల్ల కణాలు వచ్చాయి. మనుషుల్లో ఈ జన్యువు దెబ్బతింటే కన్ను చాలా చిన్నదిగా మిగిలిపోతుంది.

గిన్నె రెండు పొరలూ కడదాకా ఒకదానికొకటి ఆనుకునే ఉంటాయి కానీ అతుక్కుపోవు. పెద్ద వయసులో కొందరికి వచ్చే 'రెటీనా ఊడిపోవడం' అనే సమస్య సరిగ్గా ఈ రెండు పొరల మధ్యే జరుగుతుంది. పిండంలో ఉన్న ఖాళీ అప్పుడు మళ్లీ తెరుచుకుంటుంది.

చిరునామాలు రాసే రసాయనాలు

రెటీనా కావడంతోనే పని అయిపోదు. ప్రతి కణానికీ తాను రెటీనాలో ఎక్కడున్నదో తెలియాలి. గదిలో ఒక మూల అగరుబత్తి వెలిగిస్తే దగ్గరగా ఉన్నవారికి వాసన గాఢంగా, దూరంగా ఉన్నవారికి పలచగా తగులుతుంది. కళ్లు మూసుకున్నా ఆ ఘాటును బట్టి అగరుబత్తి ఎంత దూరంలో ఉందో అంచనా వేయవచ్చు. పిండంలోని కణాలు కూడా ఇలాగే సంకేత ప్రోటీన్ గాఢతను బట్టి తమ స్థానాన్ని తెలుసుకుంటాయని బ్రిటన్ జీవశాస్త్రవేత్త లూయిస్ వోల్పర్ట్ 1969లో ప్రతిపాదించారు. ఒకే రసాయనం గాఢతలు మూడు మేరల్లో ఉంటే మూడు రంగుల జెండాలా మూడు ప్రాంతాలు ఎలా ఏర్పడతాయో ఆయన ఫ్రాన్స్ జెండాను ఉదాహరణగా చూపి వివరించారు.

కంటి గిన్నెలో పైఅంచు నుంచి బీఎంపీ4 అనే ప్రోటీన్ వెలువడుతుంది. అది గాఢంగా ఉన్నచోట టీబీఎక్స్5 జన్యువు మేల్కొని 'ఇది పైభాగం' అని గుర్తు వేస్తుంది. కిందివైపు బీఎంపీని అడ్డుకునే ప్రోటీన్లు, హెడ్జ్‌హాగ్ ప్రభావం కలిసి వ్యాక్స్2 జన్యువును నడిపిస్తాయి. అది కిందిభాగపు గుర్తు. అడ్డంగా చూస్తే, ముక్కు వైపు సగంలో ఫాక్స్‌జీ1, కణత వైపు సగంలో ఫాక్స్‌డీ1 పనిచేస్తాయి. ఇవి కూడా ఒకదాన్నొకటి దూరం పెడతాయి. ఇలా నిలువు, అడ్డం గుర్తులు రెండూ పడితే, పటంలో అక్షాంశ రేఖాంశాల్లా, ప్రతి కణానికీ ఒక చిరునామా వస్తుంది.

చిరునామాతో ఏం పని?

రెటీనా నుంచి మెదడుకు వెళ్లే ప్రతి నాడీతంతువూ సరైన చోటికి చేరితేనే మనకు కనిపించే దృశ్యం చెదరకుండా ఉంటుంది. పక్కపక్కన ఉన్న రెటీనా కణాలు మెదడులోనూ పక్కపక్కనే చేరాలి. అమెరికా శాస్త్రవేత్త రోజర్ స్పెర్రీ 1940ల్లో న్యూట్‌లు, కప్పల మీద ఈ విషయాన్ని పరీక్షించారు. దృక్‌నాడిని కత్తిరించి, కంటిని 180 డిగ్రీలు తిప్పి పెట్టారు. ఈ జీవుల్లో నాడి మళ్లీ పెరుగుతుంది. చూపు తిరిగొచ్చాక ఆ కప్పకు పైన ఈగ కనిపిస్తే అది కిందికి దూకేది. ఎంతకాలమైనా ఆ తప్పు దిద్దుకోలేకపోయింది. కంటిని తిప్పినా నాడీతంతువులు పాత చిరునామాలకే వెళ్లాయన్నమాట.

కణాల మీద రసాయన గుర్తులు ఉండాలని స్పెర్రీ 1963లో ప్రతిపాదించారు. ఆయనకు 1981లో మెదడు అర్ధగోళాల మీద చేసిన పరిశోధనకు నోబెల్ వచ్చింది. ఆయన ఊహించిన గుర్తులు మాత్రం 1995లో దొరికాయి. అవి ఎఫ్రిన్లు, వాటిని పసిగట్టే ఈఎఫ్ గ్రాహకాలు. కణత వైపు తంతువుల మీద ఒక రకం గ్రాహకాలు ఎక్కువగా ఉంటాయి. వాటికి సరిపడే ఎఫ్రిన్ ఎక్కువగా ఉన్న మెదడు ప్రాంతానికి వెళ్లగానే ఆ తంతువులు వెనక్కి తగ్గుతాయి. ఈ గ్రాహకాలు ఎక్కడ ఎన్ని ఉండాలో నిర్ణయించేది రెటీనాలో ముందే పడిన ఫాక్స్‌డీ1, వ్యాక్స్2 లాంటి గుర్తులు.

మనుషుల్లో ముక్కు వైపు సగం తంతువులు మెదడు అడుగున దాటి అవతలి వైపుకు, కణత వైపు సగం అదే వైపుకు వెళతాయి. రెండు కళ్ల దృశ్యాలు కలిసి లోతు తెలియడానికి ఈ ఏర్పాటు అవసరం. పుట్టుకతో రంగు లేని అల్బినిజం ఉన్నవారిలో ఈ సరిహద్దు జరిగి, మామూలు కంటే ఎక్కువ తంతువులు అవతలికి దాటుతాయి. వర్ణక పొరలో రంగు లోపిస్తే పక్కనున్న నాడీ రెటీనా పటం కూడా మారుతుందనడానికి ఇది రుజువు.

చీలిక ఎందుకు కిందే?

ఇప్పుడు మొదటి ప్రశ్నకు వద్దాం. కంటి గిన్నె పూర్తి గిన్నె కాదు. మడత పడేటప్పుడు దాని కింది అంచులో, కాడ వరకు, ఒక గాడి మిగులుతుంది. ఆ గాడి గుండానే పెరిగే కంటికి రక్తనాళం లోపలికి వస్తుంది. పని పూర్తయ్యాక ఐదు నుంచి ఏడు వారాల మధ్య గాడి అంచులు దగ్గరికొచ్చి, నడుమ నుంచి మొదలై రెండు వైపులా అతుక్కుంటాయి. గాడి ఉండేది కిందే కాబట్టి, అది మూసుకోకపోతే మిగిలే చీలిక కూడా కిందే ఉంటుంది.

మూసుకోవడానికి కిందిభాగం తాను కిందిభాగమని తెలుసుకోవడం ముఖ్యం. ఎలుకల్లో వ్యాక్స్2 గానీ ప్యాక్స్2 గానీ పనిచేయకపోతే గాడి తెరిచే ఉంటుంది. మనుషుల్లో ప్యాక్స్2 లోపం ఉంటే కొలొబోమాతో పాటు మూత్రపిండాల సమస్యలూ రావచ్చు, ఎందుకంటే ఆ జన్యువు అక్కడా అవసరమే.

ఆహారం పాత్ర కూడా ఉంది, కానీ ఊళ్లో చెప్పుకునే రీతిలో కాదు. విటమిన్-ఎ నుంచి మన శరీరం రెటినాయిక్ ఆమ్లాన్ని తయారుచేస్తుంది. కంటి గిన్నె కిందిభాగం రూపుదిద్దుకోవడానికి, గాడి మూసుకోవడానికి అది కావాలి. 1933లో టెక్సస్‌లో ఫ్రెడ్ హేల్ అనే శాస్త్రవేత్త విటమిన్-ఎ లేని మేత పెట్టిన ఒక పందికి పుట్టిన 11 పిల్లల్లో ఒక్కదానికీ కనుగుడ్లు లేవు. పోషకాహార లోపం పుట్టుకతో వచ్చే అంగలోపాలకు కారణం కాగలదని చూపిన తొలి ప్రయోగాల్లో ఇదొకటి. అలాగని ఎక్కువైనా ప్రమాదమే. మొటిమలకు వాడే ఐసోట్రెటినాయిన్ ఈ కుటుంబానికి చెందిన మందే. గర్భిణులు దాన్ని వాడకూడదు. విటమిన్-ఎ మాత్రలు కూడా వైద్యుల సలహా లేకుండా మోతాదుకు మించి వేసుకోకూడదు.

కటకం దృశ్యాన్ని తలకిందులు చేస్తుంది కాబట్టి, రెటీనా కిందిభాగంలో లోపం ఉన్న పిల్లలకు ఎదురుగా ఉన్న దృశ్యంలో పైభాగం సరిగా కనిపించదు. చీలిక ఐరిస్ వరకే ఉంటే చూపు చాలావరకు బాగానే ఉండవచ్చు. రెటీనా నడిభాగాన్నో, దృక్‌నాడినో తాకితే నష్టం ఎక్కువ. ఇలాంటి కళ్లలో రెటీనా ఊడిపోయే ముప్పు కూడా ఉంటుంది కాబట్టి క్రమం తప్పని పరీక్షలు అవసరం.

చదవడానికి పనికొచ్చే చిన్న గుంట

ఈ అక్షరాలను చదువుతున్నప్పుడు పనిచేస్తున్నది రెటీనా అంతా కాదు. నడిభాగంలో ఒకటిన్నర మిల్లీమీటర్ల వెడల్పున్న 'ఫోవియా' అనే గుంట. అక్కడ రంగులను, సూక్ష్మ వివరాలను పట్టే శంకుకణాలు కిక్కిరిసి ఉంటాయి. గుంట నడుమ చదరపు మిల్లీమీటరుకు సగటున దాదాపు 2 లక్షలు. మసక వెలుతురులో పనిచేసే దండకణాలు సరిగ్గా మధ్యలో అసలుండవు.

ఎలుకలకు ఫోవియా లేదు. అందుకే హార్వర్డ్ వైద్య కళాశాలకు చెందిన సుసానా డా సిల్వా, కాన్‌స్టన్స్ సెప్కో కోడి పిండాలను ఎంచుకున్నారు. కోడి రెటీనాలోనూ దండకణాలు లేని, స్పష్టంగా చూసే ప్రాంతం ఒకటుంది. 2017లో వారు ప్రచురించిన ఫలితాల ప్రకారం, ఆ ప్రాంతంలో రెటినాయిక్ ఆమ్లాన్ని విరగ్గొట్టే ఎంజైములు ఉంటాయి. చుట్టూ ఆ ఆమ్లం ఉన్నా అక్కడ మాత్రం తగ్గిపోతుంది. అప్పుడే ఎఫ్‌జీఎఫ్8 అక్కడ తయారవుతుంది. బయటి నుంచి ఆమ్లాన్ని చేర్చి ఈ ఏర్పాటును చెడగొడితే కణాల అమరిక దెబ్బతింది. మానవ పిండపు రెటీనాలోనూ ఈ వ్యవస్థ భాగాలు ఇలా ప్రాంతాలవారీగా ఉన్నట్టు వారు గుర్తించారు. కంటి గిన్నె ఏర్పడటానికి కావాల్సిన రసాయనమే, కొన్ని వారాల తర్వాత ఒక చోట లేకపోవడం అవసరమైందన్నమాట.

మనుషుల్లో ఫోవియా గుంట గర్భంలో 25వ వారం ప్రాంతంలో కనిపించడం మొదలై, పుట్టిన తర్వాత కూడా కొన్నేళ్లపాటు రూపుదిద్దుకుంటుంది. పుట్టిన బిడ్డకు తల్లి ముఖం మసకగా కనిపించడానికి ఇదీ ఒక కారణం.

నెలలు నిండకముందే పుడితే

రెటీనాలో పెరుగుదల నడుమ నుంచి అంచుకు సాగుతుంది. రక్తనాళాలదీ అదే దారి. దృక్‌నాడి దగ్గర మొదలై, ముక్కు వైపు అంచుకు దాదాపు 36 వారాలకు, దూరంగా ఉన్న కణత వైపు అంచుకు దాదాపు 40 వారాలకు చేరతాయి. బిడ్డ 28 వారాలకే పుడితే అంచు ప్రాంతం ఇంకా రక్తనాళాలు లేకుండానే ఉంటుంది. అక్కడ నాళాలు అస్తవ్యస్తంగా పెరిగి రెటీనాను లాగివేసే జబ్బే ఆర్‌ఓపీ.

పశ్చిమ దేశాలతో పోలిస్తే మన దేశంలో కాస్త ఎక్కువ బరువుతో పుట్టిన పిల్లల్లోనూ ఇది కనిపిస్తోంది. అందుకే ఇక్కడ 34 వారాలు నిండకముందు పుట్టిన, లేదా 2 కిలోల కంటే తక్కువ బరువున్న పిల్లలకు పుట్టిన 30 రోజుల్లోపు రెటీనా పరీక్ష చేయించాలని మార్గదర్శకాలు చెబుతున్నాయి. 28 వారాలకు ముందు, లేదా 1,200 గ్రాముల లోపు బరువుతో పుట్టినవారికైతే ఇంకా ముందే, రెండు మూడు వారాల్లో చేయాలి. జబ్బు ఉందని సకాలంలో తెలిస్తే లేజర్‌తోనో, ఇంజెక్షన్‌తోనో చూపు కాపాడవచ్చు. బయటికి కన్ను మామూలుగానే కనిపిస్తుంది కాబట్టి, పరీక్ష చేయించకుండా ఇంట్లో గుర్తుపట్టడం సాధ్యం కాదు.

గాజు పాత్రలో కంటి గిన్నె

జపాన్‌లోని రికెన్ సంస్థలో యోషికి ససాయి బృందం 2011లో ఎలుక పిండ మూలకణాలను పోషక ద్రవంలో పెంచింది. పక్కన కటకం లేదు, చర్మమూ లేదు. అయినా కణాల ముద్ద తనంతట తానే బుడగలా ఉబ్బి, మడత పడి, రెండు పొరల గిన్నెగా మారింది. మరుసటి ఏడాది మానవ మూలకణాలతోనూ అది సాధ్యమైంది. చుట్టుపక్కల సంకేతాలు దిశ చూపినా, గిన్నెగా మడత పడే తెలివి ఆ కణాల్లోనే ఉందని దీంతో తేలింది.

ఇలా పెంచిన సూక్ష్మ రెటీనాల్లో జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2018లో మరో విషయం కనుగొన్నారు. శంకుకణాలు ముందుగా నీలాన్ని పట్టేవిగా, తర్వాత ఎరుపు, ఆకుపచ్చలను పట్టేవిగా తయారవుతాయి. ఆ మలుపును నడిపేది థైరాయిడ్ హార్మోన్. హైదరాబాద్‌లోని ఎల్.వి. ప్రసాద్ కంటి ఆస్పత్రి పరిశోధకులు కూడా మానవ మూలకణాల నుంచి కంటి కణజాలాన్ని పెంచుతున్నారు. 2017లో వారు సూక్ష్మ కార్నియాలను తయారుచేసిన పద్ధతిని ప్రచురించారు. వర్ణక పొర కణాలను రోగి సొంత కణాల నుంచే తయారుచేసి తిరిగి కంట్లో అమర్చే ప్రయత్నం జపాన్‌లో 2014లోనే మొదలైంది.

తాళంకప్ప రంధ్రంలాంటి పాపతో పుట్టిన బిడ్డకు ఆ చీలికను పూడ్చే చికిత్స ఇంకా లేదు. కానీ చేయగలిగింది చాలానే ఉంది. రెటీనాను, దృక్‌నాడిని పూర్తిగా పరీక్షించాలి. మూత్రపిండాలు, గుండె, వినికిడి సరిగా ఉన్నాయో లేదో చూడాలి. అవసరమైతే జన్యు పరీక్ష చేయించాలి. సరైన కళ్లద్దాలతో ఉన్న చూపును నిలబెట్టాలి. అంతకంటే ముందు, ఆ తల్లికి వైద్యులు చెప్పాల్సిన మాట ఒకటుంది. ఆ గాడి మూసుకోవాల్సిన రోజులకు చాలామందికి గర్భం నిలిచిందని అప్పుడప్పుడే తెలుస్తుంది. గ్రహణానికీ, ఆ చీలికకూ ఏ సంబంధమూ లేదు.